రెండెకరాల గ్రౌండులో 200 మీటర్ల ట్రాక్: ఒక జడ్పీ హైస్కూలు, దాని పూర్వ విద్యార్థులు (కేస్ స్టడీ)

బడి పల్నాడు వైపు ఒక చిన్న పట్టణంలోది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఆరు నుంచి పది వరకు తరగతులు, పీఈటీ ఒక్కరే. గ్రౌండు తూర్పు పడమరలు 110 మీటర్లు, ఉత్తర దక్షిణాలు 76 మీటర్లు, అంటే రెండెకరాల పైచిలుకు. నేల నల్లరేగడి. వాయవ్యంలో స్టేజీ, దక్షిణం గోడ వెంట వేపచెట్లు, వానాకాలం పోయాక గ్రౌండంతా పల్లేరు కాయలు. పిల్లలు చాలామంది ఉత్త కాళ్లతోనే పరిగెడతారు కాబట్టి ఈ పల్లేరు సంగతి చిన్నది కాదు.

సంక్రాంతి సెలవుల్లో పదో తరగతి పాతికేళ్ల బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంది. డబ్బులు పోగయ్యాయి. మొదటి ప్రతిపాదన ముఖద్వారానికి ఆర్చి. రెండోది సింథటిక్ ట్రాక్. ఆర్చి సంగతి పక్కన పెట్టి, ట్రాక్ మాట తేల్చడానికి టేపు ఒక్కటి చాలింది. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్ అంచు నుంచి అంచుకు దాదాపు 177 మీటర్ల పొడవు, 92.5 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఈ గ్రౌండులో అది అడ్డంగా పట్టదు, నిలువుగానూ పట్టదు. ఉన్న చోటులో పట్టేది 200 మీటర్ల మట్టి ట్రాక్. సింథటిక్ లేకపోతే అథ్లెట్లు రారన్న వాదన కూడా అక్కడ వచ్చింది. పిల్లల్ని గుర్తించడానికి కావలసింది సరైన కొలత, సరైన గడియారం. సింథటిక్ సంగతి రాష్ట్ర స్థాయికి వెళ్లాక చూసుకోవచ్చు.

కొలత

200 మీటర్ల ట్రాక్‌కు రెండు నేరు భాగాలు 40 మీటర్ల చొప్పున, రెండు వంపులు 60 మీటర్ల చొప్పున తీసుకుంటారు. 60ని పై (π, 3.1416) విలువతో భాగిస్తే పరుగు వ్యాసార్ధం 19.10 మీటర్లు. ఇక్కడే చాలా బళ్లు తప్పు చేస్తాయి. పీఈటీల నోటు పుస్తకాల్లో తరతరాలుగా ఉన్న లెక్క ఏమంటే, ఆ 19.10లోంచి 30 సెం.మీ. తీసేసి 18.80 దగ్గర గీత గీయాలని. ఆ 30 సెం.మీ. లోపలి అంచున ఎత్తు కట్ట (కర్బ్) ఉన్న ట్రాక్‌కు. ముగ్గు గీత మాత్రమే ఉన్నచోట పరుగును గీతకు 20 సెం.మీ. అవతల కొలవాలన్నది నిబంధన. కాబట్టి మట్టి గ్రౌండులో గీత వ్యాసార్ధం 18.90.

ఈ 10 సెం.మీ.తో ఏం కొంప మునుగుతుందని అడగొచ్చు. ఒకటో లేనులో కొంప మునగదు. మునిగేది స్టాగర్లలో, అంటే బయటి లేన్ల పిల్లల్ని స్టార్ట్ దగ్గర ముందుకు జరిపి నిలబెట్టే దూరాల్లో. కర్బ్ ఉన్న ట్రాక్‌లో పూర్తి చుట్టుకు రెండో లేను స్టాగర్ 7.04 మీటర్లు, నాలుగోది 22.37. గీత ట్రాక్‌లో అన్ని లేన్లకూ ఒకే 20 సెం.మీ. లెక్క కాబట్టి లేనుకు 1.22 మీటర్ల చొప్పున తేడా. దాన్ని రెండు పైలతో గుణిస్తే 7.67. రెండో లేనుకు 7.67, మూడోదానికి 15.33, నాలుగోదానికి 23.00. ఈ బడిలో మొదటి ఏడు వ్యాసార్ధం సరిగ్గా 18.90 పెట్టారు, స్టాగర్లు మాత్రం పాత పట్టిక చూసి వేశారు. ఫలితం: ఒకటో లేను పిల్లాడు 200 పరిగెత్తితే మిగతా ముగ్గురూ 200.63 పరిగెత్తారు. వ్యాసార్ధం, స్టాగర్ రెండూ ఒకే పట్టికలోంచి తీసుకోవాలి. కలిపితే ఇదే జరుగుతుంది.

రెండో తప్పు దీనికి ఎదురుగా నడుస్తుంది. స్టాగర్ వంపు మీద కొలవాల్సిన దూరం. టేపును ఫినిష్ గీత నుంచి తిన్నగా లాగి 23 మీటర్ల దగ్గర మేకు కొడితే, వంపు మీద అది 24.11 అవుతుంది. నాలుగో లేను పిల్లాడికి 1.11 మీటర్లు ఊరికే కలిసొస్తుంది. రెండో లేనులో ఈ తేడా నాలుగైదు సెం.మీ.లే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బయటి లేనుకు పోయేకొద్దీ పెరుగుతుంది. టేపు తిన్నగానే లాగాలనుకుంటే లాగాల్సిన దూరాలు వేరు: రెండో లేనుకు 7.62, మూడోదానికి 15.01, నాలుగోదానికి 22.03. ఆయా లేనులో లోపలి గీతకు 20 సెం.మీ. అవతల, ఫినిష్ గీత మీద టేపు మొన ఆనించి, అవతలి కొసను కూడా అదే 20 సెం.మీ. వరుసలో పట్టాలి. ఈ మూడు అంకెలూ స్టేజీ వెనక గోడ మీద పెయింటుతో రాయించారు.

గీసే వరుస ఇది. ముందు ట్రాక్ మధ్య గీత తూర్పు పడమరలుగా పురికొసతో లాగి, దాని మీద 40 మీటర్ల దూరంలో రెండు కేంద్రాలు. ప్రతి కేంద్రం దగ్గర మధ్య గీతకు లంబంగా రెండు వైపులా 18.90. లంబం కోసం మేస్త్రీలు వాడే 3-4-5 కొలతనే పెద్దది చేసి 6, 8, 10 మీటర్లతో వేస్తే చాలు. నాలుగు మూలలూ వచ్చాక ఐమూల చూడాలి: 40 × 37.80 దీర్ఘచతురస్రానికి ఐమూల 55.03 మీటర్లు, రెండు వైపులా. రెండింటికీ తేడా 2 సెం.మీ. దాటితే మళ్లీ మొదటికి రావాలి. అక్కడ సర్దుకుపోతే వంపు నేరు గీతతో కలిసేచోట మోకాలి వంకర పడుతుంది. టేపు స్టీలుదే, 50 మీటర్లది. గుడ్డ టేపు లాగితే సాగుతుంది, ఎండలో ఇంకా సాగుతుంది.

నాలుగు లేన్లకు బయటి కొలత 87.56 × 47.56 మీటర్లు. ఆరు లేన్లు కూడా పట్టేవి (92.44 × 52.44). నాలుగుతో ఆపడానికి కారణం గ్రావెల్ ఖర్చు. నాలుగు లేన్ల పట్టీ వైశాల్యం దాదాపు 1,045 చదరపు మీటర్లు. రేగడి మీద రోలింగ్ అయ్యాక ఏడున్నర సెం.మీ. మందం నిలవాలంటే 78 ఘనపు మీటర్లు. వదులుగా వచ్చే మట్టికి పావు వంతు కలిపితే 98. ట్రాక్టర్ ట్రక్కుకు సుమారు 100 ఘనపుటడుగులు వేసుకుంటే 35 ట్రక్కులు. మొదటి ఏడు చందా 20 ట్రక్కులకే సరిపోయింది. ఉన్నదాన్నే అంతటా పరిచారు, నాలుగు సెం.మీ. పైచిలుకు మందం వచ్చింది. మొదటి ముసురుకే రేగడి ఉబ్బి గ్రావెల్‌ను మింగేసింది. ఆ 20 ట్రక్కులతో ఒక నేరు భాగం, ఒక వంపు పూర్తి మందంతో వేసి, మిగతాది మరుసటి ఏటికి వదిలి ఉంటే డబ్బు నిలిచేది. దాతలకు సగం ట్రాక్ చూపించడం ఇబ్బందే, కాని సగం పని అంటే సగం మందమని అర్థం చేసుకుంటే మొత్తం పోతుంది.

వాటం లోపలి వైపుకు, మీటరుకు సెం.మీ. మించకుండా. నాలుగు లేన్ల మీద అంటే దాదాపు 5 సెం.మీ. అలా చేస్తే నీళ్లు ట్రాక్ మధ్యలో నిలుస్తాయి. ఇక్కడ ఖో ఖో కోర్టు వారం రోజులు మడిలా ఉండిపోయింది. తర్వాత తూర్పు వంపు కింద ఆరంగుళాల పైపు ఒకటి వేసి బయటి కాలవలోకి తిప్పారు. రోలింగ్‌కు ముందు వేయాల్సిన పైపు అది.

ముగ్గు లెక్క: నాలుగు లేన్లకు అయిదు గీతలు, కలిపి సుమారు 1,070 మీటర్లు. 5 సెం.మీ. వెడల్పు గీతకు 25 కిలోల బస్తాలు రెండు సరిపోతాయి, స్టాగర్లకూ, రిలేలో బ్యాటన్ మార్చుకునే జోన్లకూ ఇంకొకటి దగ్గర ఉంచుకోవాలి. ముగ్గుపిండే వాడాలి. కాల్చిన సున్నం చవకని తెస్తే పడ్డ పిల్లల మోకాళ్లు, కళ్లు మండిపోతాయి.

వంద మీటర్లు ఎక్కడ?

నేరు భాగం 40 మీటర్లే. గ్రౌండు పొడవు 110. వంద మీటర్ల పరుగుకు స్టార్ట్ వెనక 3, ఫినిష్ తర్వాత కనీసం 17 కలిపి 120 మీటర్లు కావాలి. గోడ వెంట వేస్తే పిల్లలు గోడను గుద్దుకుంటారు. ఫినిష్ దగ్గర పరుపులు కట్టి ఈ పోటీ నడిపే బళ్లు ఉన్నాయి, ఆ పని చేయకూడదు. ఇక్కడ దారి ఐమూల. 110 × 76కు ఐమూల 133.7 మీటర్లు. నాలుగు లేన్ల పట్టీ వెడల్పు 4.88 కావడం వల్ల రెండు చివర్లా మూడున్నర మీటర్ల చొప్పున పోగా 126.6 మిగిలింది. మిగులు ఆరున్నర మీటర్లూ ఫినిష్ వైపుకే ఇచ్చారు.

నైరుతి నుంచి ఈశాన్యానికి పరుగు. సాయంత్రం ప్రాక్టీసులో ఎండ వీపున పడుతుంది కాబట్టి ఆ దిక్కు. ఈశాన్యంలో గుంపు చేరి బరువు పడుతుందని వాస్తు అభ్యంతరం ఒకటి వచ్చింది. గుంపుగా నిలబడేది అర నిమిషమేనని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఈ పట్టీ ట్రాక్‌ను రెండుచోట్ల దాటుతుంది, అందుకని వంద మీటర్లు జరుగుతుండగా ట్రాక్ మీద ఇంకే పోటీ పెట్టకూడదు. కార్యక్రమ పట్టికలో వంద మీటర్ల హీట్లన్నీ ఉదయం ఒకే గంటలో.

టైమింగ్‌లో చప్పుడును నమ్మితే నష్టం. వంద మీటర్లు దాటి చప్పుడు రావడానికి 0.29 సెకను పడుతుంది. ఫినిష్ దగ్గర వాచీ పట్టుకున్నవాళ్లు చప్పుడు విని నొక్కితే పిల్లాడి టైము అంత తక్కువ పడుతుంది. 13.4 అసలు టైము ఉన్నవాడు ఇక్కడ 13.1 అనిపించుకుని జిల్లా పోటీకి వెళ్లి బెంబేలెత్తిపోతాడు. చెక్క క్లాపర్ లోపలి ముఖాలకు తెల్ల రంగు వేసి, రెండు చెక్కలూ కలవడం చూసి నొక్కాలి. ముగ్గురు టైమ్‌కీపర్లు, మధ్య టైము తీసుకోవాలి, వాచీలో 13.32 ఉంటే చేతి టైముగా రాసేది 13.4. కింది పదో వంతుకు దించి రాయడం బళ్లలో సర్వసాధారణం, అది తప్పు.

లాంగ్ జంప్ గుంట

పూర్వ విద్యార్థుల డబ్బులో ఎక్కువ పాఠం నేర్పింది ఇదే. గుంట 9 మీటర్ల పొడవు, 2.75 వెడల్పు. కాలు పెట్టి దూకే బోర్డు గుంటకు మీటరున్నర ముందు, కాబట్టి బోర్డు నుంచి అవతలి అంచుకు 10.5, కనీసం 10 ఉండాలన్న షరతు తీరింది. రన్‌వే 40 మీటర్లు, 1.22 వెడల్పు, ఉత్తరం గోడ వారగా. అడుగున 10 సెం.మీ. కంకర, దాని మీద పాత షేడ్‌నెట్, ఆపైన 45 సెం.మీ. ఇసుక. ఇసుక 11 ఘనపు మీటర్లు, నాలుగు ట్రక్కులు.

మొదటిసారి ఇసుక దొరకలేదని క్రషర్ డస్టు పోశారు. ఒక వాన పడి ఎండాక అది గచ్చు అయింది. చీలమండ బెణుకులు వరుసగా వచ్చాక తవ్వి పారేశారు. కావలసింది మట్టి లేని ఏటి ఇసుక: గుప్పెట పట్టి పిసికి వదిలితే ముద్ద కట్టకుండా జారిపోవాలి. గుంట అంచుకు ఇటుక కట్టినా పై వరుస నేల మట్టానికి దించి, పాత టైరు ముక్కలు మేకులతో కప్పాలి.

ఇసుక మట్టం బోర్డు మట్టానికి సమానంగా ఉండాలి. వాడుతుంటే ఇసుక దిగుతుంది. 10 సెం.మీ. దిగితే దూకు దాదాపు 15 సెం.మీ. ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడ పెరిగిందనుకున్న దూకు జిల్లాలో తగ్గిపోవడానికి పిల్ల భయపడిందనే కారణమే చెబుతారు. ముందు గుంట మీద చెక్కబద్ద పెట్టి చూడాలి. ఇంకో సంగతి, ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు బడిలో ఇసుక కుప్ప ఉందంటే కన్ను పడుతుంది. రెండు ట్రక్కుల ఇసుక తట్టలతో పోయింది. అప్పటి నుంచి వేసవి సెలవుల్లో గుంట మీద టార్పాలిన్, దాని మీద వేప మండలు. కుక్కల బెడద కూడా దాంతోనే తీరింది.

హై జంప్‌కు పరుపులు లేవు. ఇసుక మీద కత్తెర దూకే నేర్పాలి, వెనక్కి వాలి దూకేది నేర్పకూడదు. ఈ విషయంలో రాజీ లేదు. షాట్‌పుట్ వృత్తం ఆగ్నేయంలో, లోపలి వ్యాసం 2.135 మీటర్లు, ఇనప కట్టు పై అంచు కన్నా గచ్చు 2 సెం.మీ. పల్లంగా. గుండు పడాల్సిన సెక్టారుకు కోణమాని అక్కర్లేదు: కేంద్రం నుంచి 15 మీటర్ల దగ్గర రెండు గీతల మధ్య 9 మీటర్లు ఉంటే కోణం సరిపోయినట్టే. రిలే బ్యాటన్‌కు 40 ఎంఎం పీవీసీ పైపు 30 సెం.మీ. ముక్క, కొసలు ఆకురాయితో నునుపు చేసి. డిస్కస్, జావెలిన్ ఈ గ్రౌండులో పెట్టలేదు. మధ్యలోంచి ఊరి జనం నడిచే దారి ఉన్నచోట అవి పెట్టకూడదు.

డబ్బు ఎలా వచ్చింది, ఎక్కడ ఆగింది

బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకరి సొంత ఖాతాకు చందాలు పంపడంతో మొదలైంది. మొత్తం పెరిగాక అనుమానాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘం రిజిస్టరు చేయించి, ఖాతాలో ఇద్దరి సంతకం పెట్టాకే సద్దుమణిగింది. ఇది సమ్మేళనానికి ముందే అయ్యుండాలి.

అసలు చిక్కు అమెరికా నుంచి వచ్చింది. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు, ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్లు సంక్రాంతికి ఊరికొచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. కొత్త సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ వెంటనే రాదు. మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. "బావమరిది ఖాతాలో వేస్తాను, అక్కణ్నుంచి తీసుకోండి మాస్టారూ" అన్నవాళ్లున్నారు. వద్దనాల్సిందే. వాళ్లను ఇప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ వైపు పంపి, బడికి ఏం కావాలో ఆ సంస్థనే కొనివ్వమనడం సరైన దారి. అలాంటి ఇద్దరి పేర్లను మొదటి చందా జాబితాలోంచి వెనక్కి తీసి, డబ్బు తిప్పి పంపించారు. మనసులు నొచ్చుకున్నాయి.

సమగ్ర శిక్ష కింద హైస్కూలుకు ఏడాదికి 25 వేల వరకు క్రీడా సామగ్రి నిధి ఉంటుంది. బంతులు, నెట్లు, గుండ్లు దాంతో సరిపెట్టి, ఆ నిధి ముట్టని వాటికి సంఘం డబ్బు వాడాలని హెచ్ఎం పెట్టిన గీత బాగా పనిచేసింది. ఆ రెండో జాబితా చూడ్డానికి ఏమీ బాగోదు: ఇసుక, ముగ్గు, రోలరు అద్దె, జిల్లా పోటీకి బస్సు ఛార్జీలు, ఉదయం ప్రాక్టీసుకొచ్చే 30 మందికి నానబెట్టిన శనగలు (తలకు 40 గ్రాములు, రోజుకు 1.2 కిలో), అరటిపండు. సాయంత్రం బస్సు పాసుతో ఊళ్లకు వెళ్లే ఆడపిల్లలు ఆగలేరు, అందుకని వాళ్లకు ప్రాక్టీసు ఉదయమే. ఉదయమంటే ఖాళీ కడుపు. శనగలు మొదలయ్యాకే ఆడపిల్లల హాజరు నిలకడగా ఉంది. శిలాఫలకం మీద చెక్కించడానికి శనగలు పనికిరావు కాబట్టి దీనికి దాతను పట్టడం ఆర్చికి పట్టడం కన్నా కష్టమైంది. చివరికి నెలకు ఇంతని ఆటో డెబిట్ పెట్టింది పట్టణంలోనే దుకాణాలు, మెకానిక్ షెడ్లు నడుపుకునే పాత విద్యార్థులు.

అసలు పని చేసిన పూర్వ విద్యార్థులు వేరే ఉన్నారు. కానిస్టేబుల్, ఆర్మీ ఉద్యోగాల కోసం తెల్లవారుజామున పరిగెత్తే కుర్రాళ్లు. ఇదే బడిలో చదివి నాలుగేళ్లయినవాళ్లు. వాళ్లకు 1600 మీటర్లంటే ఈ ట్రాక్ మీద సరిగ్గా ఎనిమిది చుట్లు. ఇంతకుముందు వాళ్లను గేటు దగ్గరే ఆపేవారు. ఒప్పందం ఇలా కుదిరింది: అయిదు నుంచి ఆరున్నర దాకా ట్రాక్ వాళ్లది, బదులుగా ఒకటో లేను తొక్కకుండా మూడు, నాలుగు లేన్లలో పరుగు, వారానికి రెండుసార్లు నీళ్లు చల్లడం, ఆదివారం రోలర్ లాగడం. పల్లేరు పని కూడా వాళ్లదే. పూత రాకముందే వేరుతో పెరకాలి. కాయలు రాలిపోయాక అయితే పాత గోనెపట్టా తడిపి నేల మీద ఈడిస్తే ముళ్లన్నీ దానికి గుచ్చుకుని వచ్చేస్తాయి. చీపురుతో ఊడిస్తే మట్టిలోకి దిగుతాయి.

ఒకటో లేను తొక్కొద్దనే షరతు మొదట్లో ఎవరికీ నచ్చలేదు, చుట్టు పెరుగుతుందని. లోపలి లేను ఒక్కటే అరిగి గాడి పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి, మొత్తం ట్రాక్ అక్కణ్నుంచే పాడవుతుంది. అందుకని వాళ్ల కోసం మూడో లేనులో 1600 మీటర్ల స్టార్ట్ విడిగా గుర్తు పెట్టారు: చుట్టుకు 15.33 చొప్పున ఎనిమిది చుట్లకు 122.65 మీటర్లు ముందుకు.

పోటీకి తీసుకెళ్లేటప్పుడు

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) విభాగాలు అండర్ 14, 17, 19. బడి పిల్లలు మొదటి రెండింట్లో వస్తారు. ఎంట్రీలు తిరిగొచ్చేది పరుగు వల్ల కాదు, కాగితాల వల్ల: ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, అడ్మిషన్ రిజిస్టరులో ఇంకొకటి. జూన్‌లోనే సరిచూసి పెట్టుకుంటే ఆధార్ దిద్దుబాటుకు వ్యవధి ఉంటుంది. స్పైకులు ఇంకో ఉచ్చు. మట్టి మీద పొడవు మేకులు పనికొస్తాయి, నిబంధన 25 ఎంఎం దాకా ఒప్పుకుంటుంది; సింథటిక్ మీద 9 ఎంఎం దాటకూడదు. మట్టి మేకులతో రాష్ట్ర పోటీకి వెళ్తే పోటీకి ముందు తనిఖీ చేసే కాల్ రూమ్ దగ్గరే ఆపేస్తారు. చిన్న మేకుల సెట్టు, తిప్పే తాళం పీఈటీ సంచిలోనే ఉండాలి. స్పైకులు కొత్తగా తొడిగి అదే రోజు పోటీకి దింపకూడదు. రెండు వారాలు వాటితో పరిగెత్తని పిల్లకు ఉత్త కాళ్లే నయం. ఇక్కడ ఒక 400 మీటర్ల అమ్మాయి పిక్క పట్టేసి హీట్‌లోనే కూర్చుండిపోయింది.

మేకులు

ఏటా ట్రాక్ మళ్లీ మొదటి నుంచి కొలవడం రోజంతా పని. రెండో ఏడు రెండు కేంద్రాలు, నాలుగు మూలలు కలిపి ఆరుచోట్ల 45 సెం.మీ. జీఐ పైపు ముక్కలు సిమెంటుతో పాతారు, తలలు నేలకు 5 సెం.మీ. లోపల, ఎవరి కాలికీ తగలకుండా. పైకి కనిపించేలా పాతిన మొదటి రెండూ పాత ఇనుము కొట్టుకు చేరాయి. ఇప్పుడు జెండా దిమ్మె మూల నుంచి, స్టేజీ మెట్టు మూల నుంచి ఒక్కో పైపుకు ఎంత దూరమో రెండు కొలతల చొప్పున పన్నెండు అంకెలు స్టాకు రిజిస్టరు మొదటి పేజీలో ఉన్నాయి. రెండు టేపులు ఆ రెండు మూలల్లో ఆనించి లాగితే, అవి కలిసినచోట గునపంతో నాలుగు వేళ్ల లోతు తవ్వగానే పైపు తల తగులుతుంది. ఇద్దరు మనుషులు, గంటన్నరలో గీతలకు సిద్ధం.